పోకెమాన్ చూడవచ్చా అని అడిగే తల్లిదండ్రులకు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నకొద్దీ మాకు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఆదోనిలో ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే దగ్గర ఒక తల్లి అడుగుతుంది. ఎమ్మిగనూరులో గృహకూటం అయ్యాక టీ గ్లాసు చేతికిస్తూ ఒక తండ్రి అడుగుతాడు. "అయ్యగారూ, మావాడు పొద్దస్తమానం ఆ పోకెమాన్ చూస్తా ఉంటాడు. అవి దయ్యాల బొమ్మలంట గదా? చూడనియ్యొచ్చా, వద్దా?"

ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పి పంపించడం సులభం. చాలామంది అలాగే పంపిస్తున్నారు. కొందరు దైవసేవకులు ఒక్క ఎపిసోడ్ అయినా చూడకుండానే వేదిక మీదనుంచి దాన్ని సాతాను పని అంటున్నారు. మరికొందరు "చిన్నపిల్లల బొమ్మలే కదా, పోనీయండి" అంటున్నారు. సంగతి పూర్తిగా వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవాని గురించి సామెతల గ్రంథం ఏమని హెచ్చరించిందో మన పాఠకులకు తెలుసు. కాబట్టి ముందు అదేమిటో, ఎక్కడ పుట్టిందో, మన ఇళ్ళదాకా ఎలా వచ్చిందో తెలుసుకుందాం. తీర్పు సంగతి ఆ తరువాత చూద్దాం.

పురుగులు పట్టిన పిల్లవాడు

పోకెమాన్ మొదట టీవీ కథ కాదు, వీడియో గేమ్. దాని వెనుక ఉన్న మనిషి పేరు సతోషి తజిరి. 1965లో పుట్టి, టోక్యో మహానగరానికి అంచున ఉన్న మచిదా అనే ఊరిలో పెరిగాడు. చిన్నప్పుడు అతనికి పురుగులంటే ప్రాణం. పొలాలు, చెరువు గట్లు, చెట్ల మొదళ్ళు వెతికి పురుగులు పట్టి తెచ్చుకునేవాడు. తోటి పిల్లలు అతణ్ణి పురుగుల డాక్టరు అని పిలిచేవారట. అతను పెద్దవాడయ్యేసరికి ఆ పొలాల్లో ఇళ్ళు లేచాయి, చెరువులు పూడిపోయాయి. ఇప్పటి పట్నం పిల్లలకు పురుగులు పట్టే ఆనందం తెలియదు గదా అన్న ఆలోచన నుండి ఈ ఆట పుట్టింది.

మన పిల్లలకు ఈ సంగతి వివరించనక్కరలేదు. తొలకరి పడగానే ఎర్రటి మఖ్మలు బొట్టుల్లా నేలమీద పాకే ఆరుద్ర పురుగులను ఏరి అగ్గిపెట్టెలో పెట్టుకోని బాల్యం మన పడమటి కర్నూలు పల్లెల్లో ఎవరికుంది? తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయని పిల్లవాడెవడు? తజిరి ఆటలో అగ్గిపెట్టెకు బదులు ఎరుపు తెలుపు రంగుల చిన్న బంతి ఉంటుంది. పురుగుకు బదులు వింత జీవి ఉంటుంది. జేబులో పట్టే వింత జంతువులు అనే అర్థంలో పెట్టిన ఇంగ్లీషు పేరును జపాన్ వాళ్ళు తమ అలవాటు ప్రకారం కుదించి పలికితే పోకెమాన్ అయింది.

నింటెండో కంపెనీ తయారుచేసిన గేమ్ బాయ్ అనే చేతి యంత్రం మీద ఆడుకోవడానికి 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో ఈ ఆట విడుదలయ్యింది. తజిరి స్థాపించిన గేమ్ ఫ్రీక్ అనే చిన్న సంస్థ దానిమీద ఇంచుమించు ఆరేళ్ళు పనిచేసింది. కెన్ సుగిమొరి అనే చిత్రకారుడు దానికి రూపకల్పన చేశాడు. మొదటి ఆటలో మొత్తం 151 జీవులు ఉండేవి. ఇప్పుడు వాటి సంఖ్య వెయ్యి దాటింది.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆటను ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మారు. ఎరుపు దానిలో దొరికే కొన్ని జీవులు ఆకుపచ్చ దానిలో దొరకవు, ఆకుపచ్చ దానిలోవి ఎరుపులో దొరకవు. అన్నింటినీ సంపాదించాలంటే రెండో రకం ఉన్న స్నేహితుణ్ణి వెతుక్కోవాలి, రెండు యంత్రాలను ఒక తీగతో కలపాలి, ఇచ్చిపుచ్చుకోవాలి. ఒక యంత్రం నుండి ఇంకో యంత్రానికి ఆ తీగ మీదుగా పురుగు పాకిపోతున్నట్టు తజిరి మొదట ఊహించుకున్నాడట. ఒంటరిగా కూర్చుంటే పూర్తికాని ఆట అది. అదే సమయంలో పిల్లలందరికీ రెండు రకాలూ అమ్ముకునే వ్యాపారపు ఎత్తు కూడా అందులో ఉంది. ఈ రెండు సంగతులూ మనం గుర్తుంచుకోవాలి. మొదటినుండీ పోకెమాన్‌లో స్నేహమూ ఉంది, అంగడీ ఉంది.

ఆట కథగా మారినప్పుడు

1997 ఏప్రిల్ 1న టీవీ టోక్యో ఛానెల్‌లో పోకెమాన్ యానిమేషన్ ధారావాహిక మొదలయ్యింది. కథానాయకుడు పదేళ్ళ పిల్లవాడు. జపాన్‌లో అతని పేరు, ఆట సృష్టించినవాని పేరు ఒకటే, సతోషి. మన పిల్లలకు యాష్ అంటే తెలుస్తుంది.

వీడియో గేమ్‌ను ధారావాహికగా మార్చడం తేలిక పని కాదు. గేమ్‌లో ఆడేవాడే కథానాయకుడు. అతనికి మాట్లాడే పని లేదు, ఏడ్చే పని లేదు. పట్టుకోవాలి, పోరాడాలి, లెక్క పెంచుకోవాలి. దాన్ని కథగా చెప్పాలంటే ఆ పిల్లవానికి ఒక మనసు కావాలి. రచయితలు ఏం చేశారో మొదటి ఎపిసోడ్ చూస్తే తెలుస్తుంది. బయలుదేరాల్సిన రోజున యాష్ ఆలస్యంగా నిద్ర లేస్తాడు. మంచి మంచి జీవులన్నింటినీ ముందొచ్చిన పిల్లలు తీసుకుపోతారు. చివరికి మిగిలింది మాట వినని పసుపుపచ్చ ఎలుకలాంటి పికాచు. అది బంతిలోకి వెళ్ళనని మొండికేస్తుంది, యజమానికే కరెంటు షాకు ఇస్తుంది. దారిలో కోపించిన పక్షుల గుంపు మీద పడినప్పుడు యాష్ గాయపడిన పికాచుకు అడ్డంగా తాను నిలబడతాడు. అప్పుడు పికాచు లేచి అతణ్ణి కాపాడుతుంది. అంతకుముందు కాలేని స్నేహం అక్కడ మొదలవుతుంది. ఆ తరువాత కూడా పికాచు బంతిలో ఉండదు. భుజం మీద కూర్చుని, లేదా పక్కన నడుస్తూ వస్తుంది.

ఇంకో సంగతి. గేమ్‌లో ఎక్కువ పట్టుకున్నవాడు గొప్పవాడు. టీవీ కథలో యాష్ తాను ప్రేమతో పెంచుకున్న జీవులను వదిలిపెడుతూ ఉంటాడు. అతను మొట్టమొదట తన చేత్తో పట్టుకున్న గొంగళిపురుగు సీతాకోకచిలుకలాంటి బటర్‌ఫ్రీగా మారిన కొన్నాళ్ళకే, దానికి తోడు దొరికిందని ఏడుస్తూ వెళ్ళనిస్తాడు. ఇక పోటీల సంగతంటారా, మొదటి పెద్ద పోటీలో ఓడిపోతాడు. తరువాతి వాటిలోనూ ఓడిపోతూ వస్తాడు. అలోలా అనే ప్రాంతపు పోటీలో అతను గెలిచేసరికి 2019 వచ్చింది, అంటే కథ మొదలై ఇరవై రెండేళ్ళు. 2022లో ప్రపంచ విజేత అయ్యాడు. 2023లో అతని కథ ముగించి, లికో, రాయ్ అనే కొత్త పిల్లలతో మరో ధారావాహిక మొదలుపెట్టారు.

మన దేశంలో 2003లో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా పోకెమాన్ ఇళ్ళలోకి వచ్చింది. ఆ రోజుల్లో చిప్స్ పొట్లాల్లో వచ్చే బొమ్మ బిళ్ళల కోసం కొట్లాడుకున్న పిల్లలు ఈరోజు తల్లిదండ్రులయ్యారు. తరువాత ఇతర పిల్లల ఛానెళ్ళు, ఆ తరువాత ఫోన్లు. ఈమధ్య తెలుగు మాటలతోనూ వస్తోంది. మన ప్రాంతపు పిల్లల్లో ఎక్కువమంది గేమ్ బాయ్ యంత్రాన్ని కంటితో కూడా చూసి ఉండరు. వాళ్ళకు ముందొచ్చింది కథ. ఫోను వచ్చాకే ఆట వెనకనుంచి వచ్చింది. అందుకే మన పిల్లలు పోకెమాన్ అంటే మొదట పికాచు స్నేహాన్నే తలుచుకుంటారు.

అందరి భయాలూ

పోకెమాన్‌ను చూసి భయపడింది మన క్రైస్తవులు మాత్రమే కాదు. 2001లో సౌదీ అరేబియా మతపెద్దలు దాన్ని నిషేధిస్తూ ఫత్వా ఇచ్చారు. అది జూదాన్ని అలవాటు చేస్తుందని, దాని కార్డుల మీద యూదుల గుర్తు ఉందని వారి అభ్యంతరం. 2016లో ఫోను పట్టుకుని వీధుల్లో తిరుగుతూ ఆడే పోకెమాన్ గో వచ్చినప్పుడు, అందులో గుడ్ల బొమ్మలు దేవాలయాల దగ్గర కనబడుతున్నాయని, అది హిందువుల, జైనుల మనోభావాలకు దెబ్బ అని గుజరాత్ హైకోర్టులో పిటిషన్ పడింది. అమెరికాలో కొందరు క్రైస్తవులు అది చేతబడి నేర్పుతుందన్నారు. దానికి భిన్నంగా, 2000 ఏప్రిల్‌లో ఇటలీ కతోలిక బిషప్పుల ఉపగ్రహ టీవీ ఛానెల్ మాత్రం అందులో ఊహాశక్తి, స్నేహం ఉన్నాయని మెచ్చుకుంది. ఒకే బొమ్మలో ఒక్కొక్కరు తమ తమ ఇంటి భయాన్ని చూశారు.

అయినా అభ్యంతరాలను తోసిపుచ్చకుండా ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది, పరిణామం. ఇందులో జీవులు ఒక రూపం నుండి ఇంకో రూపానికి మారతాయి. దానికి వాళ్ళు వాడే ఇంగ్లీషు మాట డార్విను సిద్ధాంతానికి వాడే మాటే. కానీ జరిగేది అది కాదు. డార్విను చెప్పినది తరతరాలుగా లక్షల ఏళ్ళలో జరిగే మార్పు. ఇక్కడ జరిగేది ఒకే ప్రాణి తన జీవితకాలంలో మారడం. ఆదోని పత్తి రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. కాయలో దూరిన గులాబీ రంగు పురుగు గూడు కట్టుకుని రెక్కల పురుగై బయటికి వస్తుందని మనకు నష్టపోయి మరీ తెలుసు. దేవుడు పురుగులో పెట్టిన ఆ మార్పునే తజిరి తన ఆటలో పెట్టాడు.

రెండవది, దయ్యాలు. చాలా జీవులు ఎలుక, తాబేలు, పాము, పక్షి, మొక్కల పోలికతో ఉంటాయి. కానీ దయ్యపు జాతి అని, మనోశక్తి జాతి అని ప్రత్యేకంగా పేరుపెట్టినవీ ఉన్నాయి. కొన్ని జపాన్ జానపద నమ్మకాల నుండి వచ్చాయి. ఉదాహరణకు తొమ్మిది తోకల నక్క నైన్‌టేల్స్ వెనుక జపాన్ వాళ్ళ మాయల నక్క కథలున్నాయి. ఇది దాచవలసిన సంగతి కాదు. మన పిల్లలు చందమామలో భేతాళుణ్ణి చదివి పెరిగినట్టే జపాన్ పిల్లలు నక్కల కథలు విని పెరిగారు. కథలో మాయ ఉండడం వేరు, మాయను ఆశ్రయించమని నేర్పడం వేరు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం నిషేధించినది సోదె అడగడం, కర్ణపిశాచిని ఆశ్రయించడం, చచ్చినవారిని సంప్రదించడం. మేము చూసిన ఎపిసోడ్లలో పిల్లలను అలాంటి పని చేయమని చెప్పినది మాకు కనబడలేదు. అయినా రాత్రులు ఉలికిపడే పిల్లవానికి దయ్యపు బొమ్మలు చూపడం మంచిది కాదు. దానికి వేదాంతం అక్కరలేదు, తల్లి మనసు చాలు.

మూడవది చాలామంది గమనించనిది, మా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. తరువాతి కాలపు ఆటల్లో, సినిమాల్లో ఆర్సియస్ అనే జీవి వస్తుంది. ఆ కథాలోకాన్ని సృష్టించినది అదేనని చెబుతారు. 2009లో దానిమీద ఒక సినిమా కూడా వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు దాన్ని చూసి "మరి యెహోవా?" అని అడిగితే, ఆ ప్రశ్న అడిగినందుకు చెంప పగలగొట్టకండి. అంత మంచి ప్రశ్న సండేస్కూలులో మనం అడిగించగలిగామా? కథలోని సృష్టికర్తను ఒక మనిషి కాగితం మీద గీశాడని, ఆ మనిషిని చేసినవాడు వేరే ఉన్నాడని కూర్చోబెట్టి చెప్పండి. ఆ సంభాషణ ఒక్కటి ఇంట్లో జరిగితే పది హెచ్చరికలతో సమానం.

వెలుగు కొట్టిన దెబ్బ

నిజంగా పిల్లలకు హాని జరిగిన ఒక సంఘటన ఉంది. 1997 డిసెంబరు 16 సాయంత్రం జపాన్‌లో ప్రసారమైన ఎపిసోడ్‌లో ఒకచోట ఎరుపు, నీలం కాంతులు సెకనుకు సుమారు పన్నెండు సార్లు చొప్పున కొన్ని సెకన్లపాటు మారిమారి మెరిశాయి. చూస్తున్న పిల్లలకు కళ్ళు తిరిగాయి, వాంతులయ్యాయి, కొందరికి మూర్ఛ వచ్చింది. సుమారు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు చేర్చారు. ఎక్కువమంది త్వరలోనే కోలుకున్నారు. ధారావాహికను నాలుగు నెలలు ఆపేశారు. ఆ ఎపిసోడ్‌ను మళ్ళీ ఎన్నడూ ప్రసారం చేయలేదు. మెరుపు కాంతులు ఎంతవరకు వాడవచ్చో జపాన్ టీవీ సంస్థలు నియమాలు పెట్టుకున్నాయి.

ఈ సంగతి విన్న కొందరు "చూశారా, దయ్యం పట్టింది" అంటారు. ఆ పిల్లలను కొట్టింది వెలుగు. కొందరి మెదడు వేగంగా మెరిసే కాంతిని తట్టుకోలేదు. వైద్యులకు ఇది ముందే తెలిసిన రోగం.

ఇది మేము ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన పల్లెల్లో ఈనాటికీ పిల్లవానికి మూర్ఛ వస్తే తాయెత్తు కట్టేవారున్నారు. విశ్వాసుల్లో దయ్యం పట్టిందని ఉపవాస కూటాలకు తిప్పుతూ నెలలు గడిపేవారున్నారు. మార్కు 9వ అధ్యాయంలోని బాలుని చూపించి ప్రతి మూర్ఛా దయ్యమేనని బోధించేవారికి మత్తయి 4:24 కూడా చూపించండి. అక్కడ సువార్తికుడు దయ్యము పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా లెక్కపెట్టాడు. చాంద్రరోగులంటే మూర్ఛరోగులే. బిడ్డకు మూర్ఛ వస్తే ప్రార్థన చేయండి, అదే రోజు ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళండి. రోజూ మాత్ర వేసుకుంటే చాలామందిలో అదుపులో ఉండే జబ్బు అది. పౌలు ప్రయాణాల్లో తోడున్న లూకా వైద్యుడని మరచిపోవద్దు.

ఎఫెసులో కాల్చినది ఎవరి పుస్తకాలు?

1999లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పిల్లల పరిచర్య చేసే ఒక పాస్టరు పిల్లలందరి ముందు పోకెమాన్ కార్డులను మంట పెట్టి కాల్చాడు, ఒక బొమ్మను కత్తితో నరికాడు. ఆ వార్త లోకమంతా తిరిగింది. ఇలాంటి పనికి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయాన్ని ఆధారంగా చూపడం మనం వింటుంటాం. ఎఫెసులో మాంత్రిక విద్య చేసినవారు తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చివేశారు. వాటి వెల 50,000 వెండి రూకలని లూకా రాశాడు.

ఆ భాగాన్ని నిదానంగా చదవండి. కాల్చినవారు ఎవరు? ఆ పుస్తకాల యజమానులే. ఎవరి పుస్తకాలు? తమవే. పౌలు ఇంటింటికీ వెళ్ళి పొరుగువాని అలమర వెతికినట్టు ఎక్కడా లేదు. లోపల మార్పు వచ్చినవాడు తన చేతిలోనిది తానే వదిలాడు. ఆ వెల వారే భరించారు. తొమ్మిదేళ్ళ పిల్లవాని కార్డులు మనం కాల్చితే మనకు పోయేదేమీ లేదు. పోయేది ఆ పిల్లవానిది. అతను నేర్చుకునేది పరిశుద్ధత గురించి కాదు, మన బలం గురించి.

పెద్దలు తమ సొంత ఫోను తెరిచి చూసుకోవాల్సింది కూడా ఇక్కడే. పందెం కట్టే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది. అయినా ఏదో ఒక దారిన ఆడి, పత్తి అమ్మిన డబ్బు పోగొట్టుకున్న తండ్రి, కొడుకు చేతిలోని పికాచును చూసి దయ్యమంటే ఆ కొడుకు ఏమనుకోవాలి? ఎఫెసు మంట పెట్టదలిస్తే మొదట మన పుస్తకాలు తేవాలి.

పదేళ్ళ పిల్లవాడు ఇల్లు విడవడం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పోకెమాన్ కథలో పదేళ్ళ పిల్లవాడు సంచి తగిలించుకుని ఇల్లు విడిచి బయలుదేరతాడు. తల్లి గుమ్మంలో నిలబడి సాగనంపుతుంది. చూసేవారికి అది సాహసం.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం వైపు మన సంఘాల్లో పదేళ్ళ పిల్లలు ఇల్లు విడవడం మనం కళ్ళారా చూస్తున్నాం. వాన కరుణించని ఏడు సుగ్గికి పోయే కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు బయలుదేరతాయి. కొందరు పిల్లలు తల్లిదండ్రులతో పోతారు, బడి ఆగిపోతుంది. మరికొందరు అవ్వ దగ్గర మిగిలిపోతారు. అమ్మానాన్నలతో మాట్లాడడానికి ఇంట్లో ఒక ఫోను ఉంచుతారు. మాట్లాడేది పది నిమిషాలు. మిగతా పొద్దంతా ఆ ఫోను పిల్లవాని చేతిలోనే ఉంటుంది. ఎమ్మిగనూరులో మగ్గం మీద అమ్మానాన్న ఇద్దరూ కూర్చుంటే పక్కన గోడకు ఆనుకుని పిల్లవాడు చూసేదీ అదే.

ఆ పిల్లవాడు ఏం చూస్తున్నాడో ఇప్పుడు మళ్ళీ ఆలోచించండి. ఎక్కడికి పోయినా విడిచిపెట్టని ఒక తోడును చూస్తున్నాడు. పెట్టెలో ఉండనని మొండికేసి భుజం మీద కూర్చునే స్నేహితుణ్ణి చూస్తున్నాడు. ఓడిపోయి వచ్చినా "పద, ఇంకో ఊరు పోదాం" అనే గుంపును చూస్తున్నాడు. మనం ఫోను లాక్కుని "సాతాను బొమ్మలు" అని తిట్టి వెళ్ళిపోతే, ఆ తోడును తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకుండా వెళ్ళినవాళ్ళమవుతాం. అందుకే పిల్లవాని ముందు ఏ బొమ్మ ఉందన్న ప్రశ్నతోబాటు, పక్కన ఎవరున్నారన్న ప్రశ్న కూడా సంఘం అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వగలిగేది టీవీ కంపెనీ కాదు, మనమే.

కాబట్టి ఏం చేద్దాం?

మా సలహాలు ఇవి. వీటిని ధర్మశాస్త్రంగా తీసుకోవద్దు.

ముందుగా, మీ బిడ్డతో కలిసి ఒక పూర్తి ఎపిసోడ్ చూడండి. సుమారు ఇరవై నిమిషాలే. మధ్యలో బోధ చేయకండి. అయ్యాక మూడు మాటలు అడగండి. నీకు ఎవరు నచ్చారు? ఎవరు తప్పు చేశారు? నువ్వైతే ఏం చేసేవాడివి? పిల్లవాడు చెప్పే జవాబుల్లో అతని మనసు మీకు కనబడుతుంది.

లెక్క పెట్టండి. ఫోనులో ఒక ఎపిసోడ్ అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఎప్పుడు ఆపాలో ఫోను చెప్పదు, మీరే చెప్పాలి. చీకటి గదిలో, దుప్పటి కింద, కళ్ళకు ఆనించుకుని చూడనివ్వకండి. దీపం వెలుగులో, దూరంగా చూడాలి. మూర్ఛ వచ్చే పిల్లల విషయంలో డాక్టరును అడగండి.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. అన్నింటినీ పట్టుకో అనేది ఈ వ్యాపారపు నినాదం. వెయ్యికి పైగా జీవులున్నప్పుడు ఆ కోరికకు తీరం లేదు. కార్డుల పొట్లాల్లో ఏది వస్తుందో తెలియకుండా కొనాలి, కోరినది రాకపోతే మళ్ళీ కొనాలి. ఆశను అలా రేపే పద్ధతి ఏమిటో మీ బిడ్డకు చెప్పండి. ఫోనులోని ఆటలకు మీ బ్యాంకు ఖాతాను, యూపీఐని తగిలించి పెట్టకండి. వస్తువులు విస్తరించుటలో జీవం లేదని ప్రభువు లోభం గురించి చేసిన హెచ్చరిక పిల్లలకు కూడా అర్థమయ్యే పాఠమే.

ఇక సంఘంలో ఐక్యత సంగతి. కొన్ని కుటుంబాలు "మా ఇంట్లో వద్దు" అని నిర్ణయించుకుంటాయి. అది వారి మనస్సాక్షి. వారిని వెనుకబడినవారని నవ్వవద్దు. కొన్ని కుటుంబాలు చూడనిస్తాయి. వారిని లోకస్థులని వేలు చూపవద్దు. విగ్రహాలకు అర్పించిన వాటి విషయంలో కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయాన్ని ఈ వారం ఇంటిల్లిపాదీ చదవండి. జ్ఞానం ఉన్నవాడు బలహీనుని గురించి జాగ్రత్తపడాలని అక్కడ ఉంది. బలహీనుడు కూడా మరొకరిపై రాయి వేయాలని అక్కడ లేదు.

సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ వేసవి బైబిలు పాఠశాలలో ఒక పూట పిల్లలకు కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, ఎవరూ చూడని ఒక జంతువును గీసి పేరు పెట్టమనండి. ఆ తరువాత ఆదికాండము 2వ అధ్యాయం తెరిచి, దేవుడు జంతువులను ఆదాము దగ్గరకు తెచ్చి ఏ పేరు పెడతాడో చూశాడన్న భాగం చదవండి. వందల పోకెమాన్ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగల పిల్లలకు ఆ భాగం ఎంత దగ్గరగా తోస్తుందో మీరే చూస్తారు.

సంఘ పెద్దలకు ఇంకో మాట. సుగ్గికి పోయిన కుటుంబాల పిల్లలు మీ సంఘంలో ఎందరున్నారో ఈ ఆదివారం పేరుపేరునా రాసుకోండి. సాయంత్రం ఒక గంట మందిరం తలుపు తెరిచి, దీపం వేసి, ఇద్దరు యౌవనస్థులను కూర్చోబెట్టండి. హోంవర్కు చేయించనీ, కథ చెప్పనీ, క్యారమ్ బోర్డు ఆడించనీ. దానికి పెద్ద ఖర్చు లేదు. అవ్వ కాస్త వంట చేసుకుంటుంది, ఫోను ఛార్జింగులో ఉంటుంది, పిల్లవాని పక్కన ఒక మనిషి ఉంటాడు.

గుంటూరు నుండి తల్లి ఫోను చేసి "ఏం చేస్తున్నావు నాయనా?" అని అడిగినప్పుడు, "చర్చిలో ఉన్నానమ్మా, అన్నతో ఆడుకుంటున్నా" అని ఆ పిల్లవాడు చెప్పగలిగితే మేలు.

ప్రభువు మీ ఇళ్ళను, మీ బిడ్డలను కాపాడును గాక.